ఖాళీ పిస్టల్‌తో మూడు వారాలు

తొమ్మిదో రోజు సాయంత్రం చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి బొటనవేలితో తడిమి చూస్తే పిస్టల్ సేఫ్టీ మీట కిందికి దిగి ఉంది. అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే సేఫ్టీ తీసి ఉంది. నేను తియ్యలేదు. పొద్దున నడుముకి తగిలించే ఒరలో, అంటే హోల్‌స్టర్‌లో, పెట్టేటప్పుడు మీట పైకి వేశాను, టక్‌మన్న చప్పుడు కూడా విన్నాను. ఆ తర్వాత రోజంతా పిస్టల్ మీద చెయ్యి వెయ్యలేదు. మధ్యలో ఎప్పుడో నాకు తెలియకుండా అదే దిగిపోయింది.

పిస్టల్ ఖాళీది. తూటాలు పేర్చే మ్యాగజైన్‌లో గానీ, పేలబోయే తూటా కూర్చునే ఛాంబర్‌లో గానీ ఒక్క తూటా లేదు. అయినా అరచేతులు చల్లబడ్డాయి. కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ రోజు అది లోడ్ చేసి ఉన్నా నాకు తెలిసేది కాదు కదా అన్నదే బుర్రలో తిరిగింది.

ఖాళీగా మోయమన్నది మా కోచ్ సార్. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. రక్షణ కోసం పిస్టల్‌ను బట్టల కింద పెట్టుకుని తిరగడానికి నాకు అనుమతి వచ్చిందని చెప్పగానే ఆయన శుభాకాంక్షలు చెప్పలేదు. "ముందు ఇరవై ఒక్క రోజులు ఖాళీగా మొయ్యి బాబూ," అన్నారు. "హ్యామర్ లాగి, సేఫ్టీ వేసి, లోడ్ చేసి ఉంటే ఎలా మోస్తావో అచ్చం అలాగే. రాత్రి తీసేటప్పుడు రెండే చూడు. హ్యామర్ ఎక్కడుంది, సేఫ్టీ ఎక్కడుంది. రోజూ ఒక పుస్తకంలో రాసుకో." హ్యామర్ అంటే వెనక నుంచి దెబ్బ కొట్టి తూటాని పేల్చే చిన్న సుత్తి. అప్పటికి రేంజ్‌లో ఏడాదిగా కాలుస్తున్నాను, గురి బాగానే కుదిరింది. ఇంకా ఈ ఖాళీ పరీక్ష ఎందుకని లోపల కొంచెం నొచ్చుకున్నాను కూడా. తొమ్మిదో రోజుతో ఆ నొప్పి పోయింది.

నాది 1911 తరహా పిస్టల్. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆ నమూనాను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది కాబట్టి ఆ పేరు. ఇప్పటికీ ఎన్నో కంపెనీలు దాన్ని తయారు చేస్తున్నాయి. ఇది సింగిల్ యాక్షన్. ట్రిగ్గర్‌కి ఒకటే పని, లాగి ఉన్న హ్యామర్‌ని వదలడం. హ్యామర్‌ని వెనక్కి లాగే పని అది చెయ్యదు. మొదటిసారి స్లైడ్ని, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే ఉక్కు భాగాన్ని, లాగినప్పుడో, వేలితో లాగినప్పుడో హ్యామర్ వెనక్కి వెళ్తుంది. ఆ తర్వాత కాల్చిన ప్రతిసారీ స్లైడే దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకే ట్రిగ్గర్ తేలిక, ప్రయాణం చాలా తక్కువ. మామూలుగా 2 కిలోల ఒత్తిడి చాలు. డబుల్ యాక్షన్ పిస్టల్‌లో, అంటే ట్రిగ్గరే హ్యామర్‌ని వెనక్కి లాగే రకంలో, మొదటి గుండుకి దాదాపు రెండింతలకు పైగా బలం పెట్టాలి, వేలు చాలా దూరం వెనక్కి రావాలి. ఆ తేలిక వల్లే దీనితో గురి కుదురుతుంది. దీన్ని మోసేవాడు జాగ్రత్తగా ఉండాల్సిందీ ఆ తేలిక వల్లే.

మోయడంలో స్థితుల్ని జెఫ్ కూపర్ అంకెలతో పేర్కొన్నాడు. పిస్టల్ శిక్షణకు పేరుపడ్డ మనిషి, 1976లో అమెరికాలోని అరిజోనాలో శిక్షణ కేంద్రం పెట్టాడు. ఛాంబర్‌లో తూటా, హ్యామర్ వెనక్కి, సేఫ్టీ వేసి ఉంటే కండిషన్ వన్. ఛాంబర్‌లో తూటా ఉండి హ్యామర్ కిందికి దించి ఉంటే కండిషన్ టూ. ఛాంబర్ ఖాళీ, మ్యాగజైన్ నిండుగా ఉంటే కండిషన్ త్రీ. 1911ని మోసేవాళ్ళలో చాలామంది కండిషన్ వన్‌లోనే మోస్తారు. నేను చెయ్యాలనుకున్నదీ అదే.

ఇంట్లో మొదటిరోజే ప్రశ్న వచ్చింది. నా భార్య దాన్ని చూసి, "ఏమండీ, ఇది వెనక్కి లాగి ఉందేంటి? ఇప్పుడే పేలేటట్టుంది," అంది. హ్యామర్ కిందికి దించి పెట్టుకోవచ్చు కదా అని అడిగింది. చూసినవాళ్ళెవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆమెకు నచ్చజెప్పడానికి బల్ల మీద గుడ్డ పరిచి, ఖాళీ పిస్టల్‌ని విప్పి చూపించాను. ఆ గంటలో నాకే చాలా సంగతులు స్పష్టమయ్యాయి.

లాగిన హ్యామర్‌ని సియర్ అనే చిన్న ఉక్కు ముక్క పట్టుకుని ఉంటుంది. సేఫ్టీ మీట పైకి వేస్తే లోపల దాని కొన ఆ సియర్‌ని కదలనివ్వకుండా అడ్డుపడుతుంది. స్లైడ్ కూడా బిగుసుకుపోతుంది. పిడి వెనకాల ఇంకో మీట ఉంటుంది, గ్రిప్ సేఫ్టీ. అరచెయ్యి దాన్ని గట్టిగా నొక్కితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి కదలదు. సియర్ జారినా పట్టుకోవడానికి హ్యామర్‌కి సగం దారిలో ఇంకో గాడి ఉంటుంది. నా పిస్టల్‌లో తూటా అడుగున పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్‌కి కూడా అడ్డు ఉంది. ట్రిగ్గర్ వెనక్కి వస్తే గానీ ఆ అడ్డు తొలగదు. కోల్ట్ కంపెనీ ఈ ఏర్పాటును 1983లో సిరీస్ 80 పేరుతో తెచ్చింది. పాత తరహా పిస్టళ్ళలో ఇది ఉండదు. అవి మూతి నేలకు తగిలేలా గట్టిగా పడితే పిన్ తన బరువుతోనే ముందుకు దూకే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాటిలో తేలికైన పిన్ను, బలమైన స్ప్రింగు వాడతారు.

"మరి దించి పెట్టుకుంటే?" అని మళ్ళీ అడిగింది. దించాలంటే నిండు ఛాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కాలి. నొక్కుతూ హ్యామర్‌ని బొటనవేలితో ఆపి మెల్లగా వదలాలి. చెమట పట్టిన వేలు జారితే గుండు పేలుతుంది. రోజూ చేసే పనిలో అలాంటి మెట్టు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఛాంబర్ ఖాళీగా ఉంచుకునే పద్ధతి మాత్రం వేరు. అవసరమైనప్పుడు స్లైడ్ లాగి తూటా ఎక్కించడానికి రెండో చెయ్యి ఖాళీ ఉండాలి, సమయం ఉండాలి. అయినా రోజూ సాధన చేసే తీరిక లేనివాళ్ళకి నేను అదే చెబుతాను. సాధన లేకుండా కండిషన్ వన్ మోయడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఇక ఆ దిగిపోయిన మీట సంగతి.

ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు అడ్డంకులలో ఒకటే తొలగింది. గ్రిప్ సేఫ్టీ ఉంది, పిన్ అడ్డు ఉంది, హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పి ఉంది. లోడ్ చేసి ఉన్నా బహుశా ఏమీ జరిగేది కాదు. కానీ నా చెయ్యి ఆ పిస్టల్‌ని బయటికి తీసేది "సేఫ్టీ వేసి ఉంది" అనే నమ్మకంతో. ఆ నమ్మకం అబద్ధమైనప్పుడు మిగతా అడ్డంకుల లెక్క వేసుకోవడం తృప్తి కోసమే.

మర్నాటి నుంచి రాత్రి ఒక్కసారి కాకుండా గంటకోసారి, ఎవరూ లేనప్పుడు, బొటనవేలితో తడిమి చూసి రాయడం మొదలుపెట్టాను. మెట్లు ఎక్కాక, వంగి చెప్పులు తొడుక్కున్నాక, కారు దిగాక. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ దిగింది. ఆ మర్నాడు ఇంకోసారి. పుస్తకంలో ఆ రెండుసార్లూ మీట దిగడానికి ముందు రాసుకున్న పనులు పక్కపక్కన పెట్టి చూస్తే ఉమ్మడిగా కనబడింది ఒకటే: చేతులున్న కుర్చీ.

ఇంటికొచ్చి అలాంటి కుర్చీలోనే అద్దం ముందు కూర్చుని, లేచి, కూర్చుని చూశాను. పదిసార్లలో ఒకసారి కూడా దిగలేదు. పక్కకి ఒరిగి, కుర్చీ చెయ్యికి నడుము ఆనించి లేచినప్పుడు దిగింది. నా పిస్టల్‌కి రెండు వైపులా సేఫ్టీ మీట ఉంది, ఎడమచేతి వాటం వాళ్ళకి కూడా పనికొచ్చేలా. పైగా వెడల్పు మీట. కుడి నడుము మీద, తుంటి ఎముక వెనక్కి, ప్యాంటు లోపల పెట్టుకున్నప్పుడు ఎడమవైపు మీట ఒంటికి ఆనుకుని ఉంటుంది, కుడివైపుది బయటికి చూస్తుంది. నేను లేస్తున్నప్పుడు నడుముతో పాటు పిస్టల్ ముందుకి జరుగుతుంది. కుర్చీ చెయ్యి బయటి మీటని చొక్కా మీదుగా అక్కడే పట్టి ఉంచుతుంది. పిస్టల్ ముందుకి, మీట అక్కడే. హోల్‌స్టర్‌లో మూతి నేలవైపు, పిడి వెనకవైపు ఉంటాయి కాబట్టి పిస్టల్ లెక్కలో చూస్తే మీట పిడివైపుకి, అంటే కిందికి వచ్చినట్టే. కిందికి అంటే సేఫ్టీ తీసినట్టే. కూర్చునేటప్పుడు దీనికి ఎదురు కదలిక మీటని పైకి తోస్తుంది కాబట్టి ఏ హానీ లేదు. లేచేటప్పుడే అసలు చిక్కు.

ఇది అర్థమైన క్షణంలో నాకు కలిగిన ఊరట చెప్పలేను. భయం భూతంలా ఉన్నంతసేపే భయం. కారణం దొరికాక అది మరమ్మతు పని అయింది.

సార్‌కి చూపించాను. ఆయన పుస్తకం మొత్తం చదివారు, వేలు పెట్టి గీతలు లెక్కపెట్టారు. "నీకు ఎడమచేతి మీట అవసరమా?" అని అడిగారు. లేదు. "అయితే అది నీ నడుము మీద ఎందుకుంది?" అన్నారు. అంతే. తుపాకీలు బాగుచేసే మనిషి దగ్గరికి వెళ్ళి రెండువైపుల మీట తీయించి, ఒకవైపే ఉండే సన్నని మీట వేయించాను. ఇది కొని బిగించేసుకునే వస్తువు కాదు. దాని లోపలి కొన ఆ పిస్టల్‌లోని సియర్‌కి సరిగ్గా ఆనేలా ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీసి అమర్చాలి. ఎక్కువ అరిగితే మీట పైకి వెళ్తుంది గానీ సియర్‌ని పట్టదు. చూడ్డానికి సేఫ్టీ వేసినట్టే ఉంటుంది. మీటని తన స్థానంలో నిలబెట్టే చిన్న స్ప్రింగ్ కూడా మార్పించాను. ఇప్పుడు మీట పైకి కిందికి వెళ్ళేటప్పుడు గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది.

ఆ బాగుచేసే మనిషి దగ్గరే ఒక పరీక్ష నేర్చుకున్నాను, ఇప్పటికీ వారానికోసారి చేస్తాను. పిస్టల్ ఖాళీ అని కంటితో చూసి, చిటికెనవేలు ఛాంబర్‌లో పెట్టి చూసి, మొదలుపెట్టాలి. హ్యామర్ లాగి సేఫ్టీ వేసి, పిడిని గట్టిగా పట్టుకుని ట్రిగ్గర్‌ని బలంగా నొక్కాలి. హ్యామర్ కదలకూడదు. ట్రిగ్గర్ వదిలేసి, సేఫ్టీ తీసి, పిస్టల్‌ని చెవి దగ్గర పెట్టుకుని హ్యామర్‌ని బొటనవేలితో ఇంకో వెంట్రుకవాసి వెనక్కి లాగాలి. చిన్న క్లిక్ వినిపిస్తే సియర్ ఇందాక కొంచెం జరిగిందన్నమాట, ఇప్పుడు మళ్ళీ తన చోటికి వచ్చిందన్నమాట. సేఫ్టీ దాన్ని పూర్తిగా పట్టడం లేదు. ఆ పిస్టల్‌ని బాగుచేయించే దాకా మోయకూడదు. తర్వాత గ్రిప్ సేఫ్టీ నొక్కకుండా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాలి. అప్పుడూ హ్యామర్ పడకూడదు. మొత్తం రెండు నిమిషాల పని.

మీట మార్చాక సార్ ఒక మాట అన్నారు, నాకు మొదట మింగుడుపడలేదు. మొదటిరోజు నుంచి మళ్ళీ లెక్కపెట్టమన్నారు. అప్పటికి పదిహేను రోజులు దాటాయి. కానీ నడుము మీద ఉన్నది ఇప్పుడు వేరే వస్తువు, పాత పదిహేను రోజులు పాత మీటవి. ఆలోచిస్తే ఆయన మాటే సరి. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఆ రెండో విడతలో మోసే విషయంలో చాలా మార్చుకున్నాను. మొదట కొన్న హోల్‌స్టర్ మెత్తటి గుడ్డది, తేలిగ్గా ఉంటుందని తీసుకున్నాను. పిస్టల్ తీశాక అది ముడుచుకుపోయేది. తిరిగి పెట్టాలంటే మూతితోనే తెరవాలి. అది పారేసి గట్టి ప్లాస్టిక్‌ది, కైడెక్స్ అంటారు, తీసుకున్నాను. ట్రిగ్గర్‌నీ దాని చుట్టూ ఉండే కడియాన్నీ పూర్తిగా కప్పుతుంది. తలకిందులుగా పట్టి ఊపినా పిస్టల్ జారదు. పిస్టల్ తీశాక కూడా నోరు తెరుచుకునే ఉంటుంది. ఒంటివైపు ఎత్తైన పలక ఒకటి ఉంది, చెమట తగలకుండా, చొక్కా లోపలికి దూరకుండా. దానికి తగ్గట్టు బెల్టు కూడా మార్చాల్సి వచ్చింది. ఉక్కు పిస్టల్ తూటాలు లేకుండానే కిలో దాకా ఉంటుంది. మామూలు బెల్టు మీద అది రోజంతా వేలాడి, ఒరిగి, చెయ్యి పడే చోటు మారిపోయేది. రెండు పొరలు కుట్టిన గట్టి తోలు బెల్టు వేశాక పొద్దున ఎక్కడుందో రాత్రికీ అక్కడే ఉంది. నడుం నొప్పి కూడా తగ్గింది.

సాధన సంగతి. రోజూ ఇరవై నిమిషాలు, తలుపు మూసిన గదిలో. తూటాలు వేరే గదిలో, పెట్టెలో, తాళం వేసి. గదిలోకి వెళ్ళేముందు మ్యాగజైన్లు కూడా విప్పి చూసేవాణ్ణి. సాధన అయిపోయాక "అయిపోయింది" అని పైకి అనమని సార్ చెప్పారు, అలాగే అనేవాణ్ణి. అన్నాక ఇంకొక్కసారి చేద్దామని మనసు లాగుతుంది, ఆ ఒక్కసారే ప్రమాదం అంటారాయన. లోడ్ చేసేశాక ఆ "ఇంకొక్కసారి" గోడలో రంధ్రం పెడుతుంది.

తీయడం నాకు త్వరగానే వచ్చింది. పిస్టల్ హోల్‌స్టర్‌లో ఉండగానే పూర్తి పట్టు దొరకాలి. చూపుడువేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకుండా ఫ్రేమ్ వెంబడి నిటారుగా ఉండాలి. బొటనవేలు సేఫ్టీ మీట మీద ఆనుకుని ఉండాలి గానీ నొక్కకూడదు. మూతి నా ఒంటిని దాటి లక్ష్యం వైపు తిరిగాకే మీట కిందికి. రేంజ్‌లో కొత్తవాళ్ళు, నాతో సహా, హోల్‌స్టర్ నుంచి ఊడుతుండగానే మీట దించేస్తారు, కంగారులో. ఆ క్షణంలో మూతి చూసేది మన తొడనే.

తిరిగి పెట్టడం దగ్గరే నాకు చాలా రోజులు పట్టింది. తీయడంలో తొందరకి ఒక కారణం ఉండొచ్చు. తిరిగి పెట్టడంలో తొందరకి ఏ కారణమూ లేదు. అయినా చెయ్యి తొందరపడుతుంది. కాల్చడం అయిపోయిందన్న హాయిలో మనసు ముందే ఇంటికెళ్ళిపోతుంది. మొదటి తరగతిలోనే సార్ నా మణికట్టు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. సేఫ్టీ వెయ్యకుండా హోల్‌స్టర్ వైపు దించుతున్నాను. "ఎక్కడికి వెళ్ళాలి నీకు?" అని మెల్లగా అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతిసారీ చెవిలో వినిపిస్తుంది.

ఇప్పుడు నా వరస ఇది. వేలు బయటికి. మీట పైకి, చప్పుడు వినేదాకా. ఒకసారి చుట్టూ చూపు. ఎడమచేత్తో చొక్కా గుప్పిట్లో పట్టి ఛాతీ దాకా ఎత్తాలి. తల వంచి హోల్‌స్టర్ నోట్లోకి కళ్ళతో చూడాలి. చూడకుండా పెట్టడం నైపుణ్యం అనుకునేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. తర్వాత బొటనవేలిని పట్టులోంచి తీసి హ్యామర్ వెనక ఆనించాలి. ఇందులో అందం ఏమిటంటే, బొటనవేలు హ్యామర్ మీదికి వెళ్ళగానే అరచెయ్యి పిడి వెనక నుంచి కొంచెం లేస్తుంది. గ్రిప్ సేఫ్టీ దానంతటదే పడుతుంది. హ్యామర్ కదలబోతే వేలికి ముందే తెలుస్తుంది. అప్పుడు మెల్లగా లోపలికి. ఎక్కడైనా అడ్డు తగిలితే తొయ్యకూడదు. ఆగి, తీసి, చూడాలి.

ఆ "తొయ్యకూడదు" నాకు చలికాలంలో వంటబట్టింది. జాకెట్ వేసుకుని చేసే తరగతి. డమ్మీ తూటాలతోనే చేస్తున్నాం. జాకెట్ కింది అంచులో బిగించుకునే తాడు ఉంది, చివర ప్లాస్టిక్ బిళ్ళ. నేను జాకెట్‌ని ఎడమచేత్తో ఎత్తాను, చూశాను, పెడుతున్నాను. సగంలో మెత్తగా ఏదో తగిలింది. కొంచెం బలం పెడితే పోతుందనిపించింది, పెట్టబోయాను. "ఆగు!" అన్న కేక వినబడింది. తీసి చూస్తే ఆ బిళ్ళ ట్రిగ్గర్ కడియంలోకి దూరి ఉంది. ఇంకో రెండు అంగుళాలు తోసి ఉంటే హోల్‌స్టర్ అంచే దాన్ని ట్రిగ్గర్ మీదికి నొక్కేది. ఆ రోజు మీట పైకి వేసి ఉంది, వేలు హ్యామర్ మీద ఉంది. పేలేది కాదు. కానీ ఆ తాడు ఎత్తిన గుడ్డతో పాటు పైకి రాకుండా కిందే వేలాడటం నేను చూడలేదు. చూశానని మాత్రం అనుకున్నాను.

రెండో విడత ఇరవై ఒక్క రోజులూ గడిచాయి. ప్రతి రాత్రీ హ్యామర్ వెనక్కే, మీట పైకే. చేతుల కుర్చీలో కావాలని ఒరిగి లేచినా దిగలేదు. అప్పుడు లోడ్ చేశాను.

లోడ్ చేయడంలో ఈ పిస్టల్‌కి ఒక ఇబ్బంది ఉంది. సేఫ్టీ వేసి ఉంటే స్లైడ్ కదలదు కాబట్టి తూటా ఎక్కించేటప్పుడూ తీసేటప్పుడూ సేఫ్టీ తీసి ఉండక తప్పదు. రోజు మొత్తంలో నేను దీనితో ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన క్షణాలు అవే. అందుకే వాటిని వీలైనంత తగ్గించాను. ఇసుక నింపిన గట్టి డబ్బా ఒకటి గదిలో మూలన ఉంది, మూతి ఎప్పుడూ అందులోకే. తీసేటప్పుడు ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్. ఈ వరస తారుమారైతే స్లైడ్ లాగిన ప్రతిసారీ కింది నుంచి ఇంకో తూటా ఎక్కుతుంది. రాత్రి తూటాలు తీయను. పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి విప్పి అలాగే తాళం పెట్టెలో పెడతాను. పొద్దున అలాగే తగిలించుకుంటాను. ట్రిగ్గర్ ఎప్పుడూ మూసే ఉంటుంది. పెట్టె తాళం మాత్రం నా దగ్గరా, నా భార్య దగ్గరా తప్ప ఎవరికీ అందదు. మరుగుదొడ్డికి వెళ్ళినా అంతే, పిస్టల్‌ని హోల్‌స్టర్‌లోంచి తీసి ఎక్కడా పెట్టను.

ఇంకో కారణం కూడా ఉంది. ఒకే తూటాని పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కిస్తూ ఉంటే దాని ముందుభాగం ప్రతిసారీ దెబ్బ తిని కొంచెం కొంచెంగా మందు ఉండే గుల్లలోకి దిగిపోతుంది. లోపల చోటు తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకని శుభ్రం చేయడానికి తీసినప్పుడు ఆ తూటాని కొత్త తూటా పక్కన బల్ల మీద నిలబెట్టి చూస్తాను. ఎత్తులో తేడా కంటికి తెలిస్తే పక్కన పెట్టేస్తాను, దాన్ని కాల్చను. తూటాని చేత్తో నేరుగా ఛాంబర్‌లో పడేసి స్లైడ్ వదలడం కూడా 1911కి మంచిది కాదు. ఛాంబర్‌లోంచి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం తూటా అంచు మీదుగా ఎగిరి పట్టాల్సి వస్తుంది. కొన్నాళ్ళకి దాని బిగువు పోతుంది. తూటా ఎప్పుడూ మ్యాగజైన్ నుంచే ఎక్కాలి.

బట్టల కింద ఉండే పిస్టల్‌కి నూలు పీచు, చెమట పడతాయి. హ్యామర్ ముందున్న సందులో వారం రోజుల్లోనే బూజులా పేరుకుంటుంది. చిన్న బ్రష్‌తో తీసి పలచగా నూనె రాస్తే చాలు. మందు తాగే చోటికి పిస్టల్ రాదు. చేతిలోంచి జారితే పట్టుకోబోకూడదు, పడనివ్వాలి. గాల్లో పట్టుకోబోయిన వేలు ట్రిగ్గర్ మీద పడటమే ఎక్కువ ప్రమాదం.

లోడ్ చేసి బయటికి వెళ్ళిన మొదటిరోజు సగం సేపు అందరూ నా నడుమునే చూస్తున్నట్టు అనిపించింది. ఎవరూ చూడలేదు. మాటిమాటికీ చెయ్యి అటు పోతుంటే ఆపుకోవడమే కష్టమైంది. తడమడం కూడా ఎవరూ లేని చోటే చెయ్యాలి. నలుగురిలో తడిమితే దాచిన ప్రయోజనమే పోతుంది. సాయంత్రానికి టెన్షన్‌తో భుజాలు పట్టేశాయి. ఇంటికొచ్చి చూసుకుంటే మీట పైకే ఉంది. పుస్తకంలో రాశాను. అక్కడితో రాయడం ఆపేయవచ్చని సార్ అన్నా, నేను ఇంకో నెల రాశాను.

ఆ వారమే తరగతికి వెళ్ళాను, చలిగా ఉంది, అదే జాకెట్. సార్ నన్ను చూడగానే పిస్టల్ గురించి గానీ, మొదటిరోజు ఎలా గడిచిందని గానీ అడగలేదు. జాకెట్ కింది అంచు చూపించమన్నారు. తిప్పి చూపించాను. తాడు మొత్తం లాగేసి, అది బయటికి వచ్చే రెండు రంధ్రాలనీ నా భార్య దారంతో కుట్టేసింది. ఆయన ఆ కుట్టు మీద వేలు పెట్టి ఓసారి లాగి చూశారు.

"ఇంట్లో ఇంకో జాకెట్ ఉందా?" అన్నారు.

ఉంది. ఆ రాత్రే దానిదీ తీసేశాను.